కారుణ్య మరణంపై ఊరి మాట తెలుసుకోవాలంటే: సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం పల్లెల్లో సర్వే పద్ధతి

"ఇక నయం కాదని తేలిపోయిన మనిషి చావు కోరుకుంటే డాక్టరు సాయపడొచ్చా?" ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఊళ్ళోకి వెళ్తే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. అడిగే తీరును బట్టి జవాబు తారుమారవుతుంది. గాలప్ అనే సర్వే సంస్థ 2013లో అమెరికాలో రెండు రకాలుగా అడిగింది. నొప్పి తెలియకుండా రోగి ప్రాణం తీయడానికి డాక్టరుకు చట్టం అనుమతివ్వాలా అంటే 70 శాతం సరేనన్నారు. రోగి ఆత్మహత్యకు డాక్టరు సాయపడటానికి అనుమతివ్వాలా అంటే 51 శాతమే సరేనన్నారు.

కాబట్టి ప్రశ్నను నాలుగుగా విడగొట్టండి. ఒకటి, తెలివిలో ఉన్న రోగి "నాకీ వైద్యం వద్దు" అంటే ఆపేయొచ్చా. రెండు, తెలివిలో లేని రోగికి వెంటిలేటరు తీసేయమని ఇంటివాళ్ళు, డాక్టర్లు కలిసి నిర్ణయించొచ్చా. మూడు, డాక్టరు ప్రాణం తీసే మందు రాసిస్తే రోగి తానే మింగొచ్చా. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి ఉన్నది ఇదే, ఆరు నెలలకు మించి బతకరని తేలిన పెద్దవాళ్ళకు మాత్రమే. నాలుగు, డాక్టరే ఇంజక్షన్ ఇవ్వొచ్చా. నెదర్లాండ్స్, బెల్జియంలలో 2002 నుంచి ఉంది. ఈ వరస మార్చకండి. ఇంజక్షన్‌తో మొదలెడితే భయం పట్టుకుని, వెంటిలేటరు ప్రశ్నకు కూడా "అమ్మో, వద్దు" అనేస్తారు.

మన చట్టం సర్వే చేసేవాళ్ళకు కంఠతా రావాలి. మూడోదీ నాలుగోదీ మన దేశంలో నేరాలు. రెండోదానికి సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసు తీర్పుతో దారి చూపింది, 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది: రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలి, ఒక్కోటి వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. రెండో బోర్డులో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఉండాలి. ఇవన్నీ ప్రశ్నలు అయ్యాకే చెప్పాలి. "కోర్టు ఒప్పుకుంది" అని ముందే అంటే సగంమంది కోర్టు పక్షాన చేరిపోతారు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, పలాస వైపు, మొదటి ప్రశ్నకు డయాలసిస్‌ను ఉదాహరణగా తీసుకోవద్దు. డయాలసిస్ మీద ఏళ్ళ తరబడి బతికేవాళ్ళు ఆ ఊళ్ళలోనే ఉన్నారు. వాళ్ళను చివరి దశ రోగులతో కలిపేసినట్టవుతుంది. పైగా డయాలసిస్ రోగికి నెలకు 10,000 పింఛను వస్తున్న ఇంట్లో ఆ మాట ఎత్తితే "మా పింఛను తీసేస్తారేటి?" అన్నదే మొదటి అనుమానం. సచివాలయం సిబ్బందినీ ఆశా కార్యకర్తలనూ సర్వేకు పెట్టుకోకూడదనేదీ ఇందుకే. వాళ్ళను చూస్తే జనం జాగ్రత్తగా జవాబిస్తారు తప్ప మనసులో మాట చెప్పరు.

ఎంతమందిని అడగాలి? లెక్క ప్రకారం 385 మంది చాలు, అసలు అంకెకూ మనకొచ్చే అంకెకూ తేడా నూటికి 95 సార్లు అటూ ఇటూ 5 శాతం లోపే ఉంటుంది. కానీ ఒకే ఊరివాళ్ళు ఒకే తీరుగా ఆలోచిస్తారు కాబట్టి దాన్ని ఒకటిన్నర రెట్లు చెయ్యాలి. 30 ఊళ్ళు, ఊరికి 20 మంది, మొత్తం 600 అయితే పని నడుస్తుంది. జనాభాను బట్టి అవకాశం దక్కేలా ఊళ్ళను లాటరీ తీయండి. ఊరిలో ఓటర్ల జాబితా పట్టుకుని, 1,000 పేర్లుంటే యాదృచ్ఛికంగా ఒక నంబరుతో మొదలెట్టి ప్రతి 50వ పేరూ తీసుకోండి. ఇంట్లో ఎవరి పుట్టినరోజు దగ్గరుందో అడిగి మనిషిని ఎంచే పద్ధతి ఇక్కడ కుదరదు, ముసలివాళ్ళలో చాలామందికి తేదీ తెలియదు. మనిషి దొరక్కపోతే రెండుసార్లు మళ్ళీ వెళ్ళాలి. అయినా దొరక్కపోతే "లేరు" అని రాసుకోవాలి, పక్కింటావిడను కూర్చోబెట్టకూడదు. గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు పోయే మగవాళ్ళు అక్కడ వేట నిషేధం ఉండే జూన్, జూలైల్లో ఊళ్ళో ఉంటారు. తీరప్రాంతం మట్టుకు అప్పుడే పెట్టుకోండి. మిగతా చోట్ల సాయంత్రం 5 తర్వాత.

అన్నిటికన్నా కష్టం, మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టడం. అరుగు మీద అడిగితే నలుగురు చేరతారు, పెద్దాయన ఏమంటే అదే అందరి జవాబు. ఆడవాళ్ళను ఆడవాళ్ళే, పెరట్లోనో వంటింటి గుమ్మం దగ్గరో అడగాలి. "చెయ్యొచ్చా, అవునా?" అని ఒకవైపే మొగ్గుతూ అడిగితే "మీరెలాగంటే అలాగే బాబూ" అంటారు, దాన్ని అవునని రాసుకుంటే సర్వే పోయినట్టే. "చెయ్యొచ్చనే వాళ్ళున్నారు, కూడదనే వాళ్ళున్నారు, మీకేటనిపిస్తంది?" అని రెండు వైపులా పెట్టండి. సగం ఫారాల్లో "కూడదు"ను ముందుంచండి. "ఏటోనండి" అంటే "తెలియదు" గడిలో పడాలి. "దేవుడు తీసుకుపోవాల గానీ మనవెవరం?" అంటే వెంటనే కూడదని రాసేయకండి. వెంటిలేటరు గురించి మళ్ళీ అడిగితే అదే మనిషి "దేవుడు పిలుస్తుంటే మిషనుతో ఆపడమేటి?" అనొచ్చు.

నాలుగూ అయ్యాక ఒక్కటి తప్పనిసరి: "నొప్పి తగ్గించే మందు ఇంటి దగ్గరే దొరికితే అప్పుడేమంటారు?" చావు కోరికలో నొప్పి వాటా ఎంతో, "ఎవరికీ బరువు కాకూడదు" అన్నదాని వాటా ఎంతో తెలిసేది ఇక్కడే. కారణాన్ని వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ఇంట్లో మంచాన పడిన మనిషి ఉన్నారా, ఈ రెండేళ్ళలో ఎవరైనా పోయారా అన్నది చివర్లో అడగాలి. రోగి వినేంత దూరంలో ఉంటే ఇంటర్వ్యూ వాయిదా వేయండి. ఎవరైనా "నాకే బతకాలని లేదు" అంటే ఫారం మూసేసి, మనిషితో మాట్లాడి, మానసిక సాయం అందించే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు అక్కడి నుంచే ఫోను కలపండి.

ఫలితాలు రాసేటప్పుడు నాలుగు ప్రశ్నలకూ నాలుగు అంకెలివ్వండి, "తెలియదు"ను విడిగా చూపండి. సర్వేలో మత్స్యకారులు 100 మందే ఉంటే తేడా అటూ ఇటూ దాదాపు 10 శాతం, కాబట్టి వాళ్ళ అంకెతో హెడ్డింగు పెట్టకండి. పాత సర్వేలతో పోల్చేటప్పుడు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయిన సంగతి చూసుకోండి: శ్రీకాకుళం నుంచి రాజాం విజయనగరంలోకి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి పోయాయి.