ఎంత ప్రేయర్ చేసినా అదే కోపం, అదే చేదు... అసలు ప్రాబ్లం ఎక్కడుంది?

మన స్వభావంలో ఏదైనా తేడా ఉంటే మనం బయటకి కనపడేదాని మీదే పని చేస్తాం. కోపం వస్తే కోపం తీసేయమని ప్రేయర్, అబద్ధం ఆడితే ఇంక ఆడనని ఒట్టు, రెండు వారాలు బానే ఉంటుంది తర్వాత మళ్ళీ మొదటికే. నేను కూడా చాలా ఏళ్ళు ఇలాగే చేశాను. కానీ యేసు ప్రభువు మార్కు 7లో లిస్ట్ చెప్పినప్పుడు వ్యభిచారం, దొంగతనం, నరహత్య వీటన్నిటికంటే ముందు దురాలోచనలు అని మొదలుపెట్టాడు, అవన్నీ లోపల నుంచే వస్తాయన్నాడు. అంటే బయట కనపడేది సింప్టమ్ అన్నమాట. అందుకే కింద ఒక్కో సమస్యకి ముందు లోపల ఏం నడుస్తోందో చూసి, ఆ తర్వాత ఏం చేయాలో రాశాను.

సమస్య: చిన్న మాటకే పెద్ద కోపం వచ్చేస్తుంది, తర్వాత బాధపడతాను

కారణం: ఆ కోపం ఆ నిమిషంలో పుట్టలేదండీ. స్నానం చేస్తున్నప్పుడు, నడుస్తున్నప్పుడు, నిద్ర పట్టనప్పుడు ఆ మనిషితో మనసులో గొడవ పడుతూనే ఉన్నాం, "వాడు ఇలా అంటే నేను అలా అంటాను" అని డైలాగులు కూడా రెడీ. ఒక దగ్గరి మనిషితో నేను నెలల తరబడి ఇలా మనసులో వాదించుకున్నాను, ప్రతిసారీ నేనే గెలిచేవాడిని! ఒకరోజు తను మామూలుగా ఏదో అడిగితే నా నోట్లోంచి వచ్చిన మాటలు విని నాకే భయమేసింది. ఆ మాటలు కొత్తవి కావు, వందసార్లు రిహార్సల్ చేసినవే.

2 సమూయేలు 13లో అబ్షాలోము కథ చూడండి. తన చెల్లెలు తామారుని సవతి అన్న అమ్నోను బలాత్కారం చేసిన ఘోరానికి అతనికి కోపం రావడంలో తప్పేం లేదు, నిజానికి రావాలి. తండ్రి దావీదుకీ కోపం వచ్చింది కానీ ఏమీ చేసినట్టు లేదు. అబ్షాలోము మాత్రం అమ్నోనుతో మంచి గానీ చెడు గానీ ఒక్క మాట మాట్లాడలేదు, బయట అంతా సైలెంట్. రెండేళ్ళు గడిచాయి. గొర్రెల బొచ్చు కత్తిరించే వేడుకకి పిలిచి చంపించేశాడు. తర్వాత యెహోనాదాబు అనే అతను, తామారుని అవమానించిన రోజు నుంచే అబ్షాలోము దీన్ని నిర్ణయించుకున్నాడు అంటాడు. అదీ సంగతి. చంపింది ఒక్కరోజు, రిహార్సల్ రెండేళ్ళు. న్యాయమైన కోపం కూడా లోపల తిప్పుతూ ఉంటే మనిషిని ఎలా మార్చేస్తుందో దీనికంటే బాగా చెప్పే కథ నాకు తెలీదు.

ఏం చేయాలి: ముందు ఆ సినిమా ఏ టైంలో ఆడుతుందో పట్టుకోండి. చాలామందికి ఒక ఫిక్స్‌డ్ టైం ఉంటుంది, పడుకునే ముందో, ఒంటరిగా ప్రయాణం చేస్తున్నప్పుడో. ప్రేయర్‌లో "అరిచాను, క్షమించు" దగ్గర ఆగకుండా "పొద్దున్నుంచి మనసులో వాడిని తిడుతున్నాను ప్రభువా" అని కూడా ఒప్పుకోండి, అది ఒప్పుకోవడం చాలా కష్టం ఎందుకంటే అది మనకి తప్పులా అనిపించదు. ఆ తర్వాత మాట్లాడాల్సిన మాట ఉంటే మత్తయి 18:15 చెప్పినట్టు ఒంటరిగా వెళ్ళి ఆ మనిషితోనే మాట్లాడాలి. మాట్లాడే పరిస్థితి లేదా, వెళ్తే మీకే ప్రమాదమా, అప్పుడు నమ్మదగిన పెద్దవాళ్ళకి చెప్పండి, అవసరమైతే చట్టం దగ్గరికి వెళ్ళండి. క్షమించడం అంటే దెబ్బలు తింటూ నోరు మూసుకోవడం కాదు.

సమస్య: చెడ్డ ఆలోచన వచ్చింది అంటే నా రక్షణే అనుమానం

కారణం: ఆలోచన రావడం, దాన్ని కూర్చోబెట్టి మర్యాదలు చేయడం రెండూ ఒకటే అనుకోవడం. అరణ్యంలో సాతాను మాటలు ప్రభువు చెవిన కూడా పడ్డాయి, ఆయన పాపం చేయలేదు. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి మనిషిని వేధించే ఆలోచనలని ఎనిమిది రకాలుగా విడదీశాడు, అవి వచ్చి కదిలించడం మన చేతిలో లేదు గానీ అవి మనలో నిలిచిపోవాలా వద్దా అనేది మన చేతిలో ఉంది అంటాడు. యాకోబు 1:15 కూడా దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుంది అని చెప్తుంది, అంటే మధ్యలో టైం ఉంది కదా, ఆ టైమే మనది.

ఏం చేయాలి: వచ్చిన ఆలోచనతో వాదన పెట్టుకోకుండా వెళ్ళనివ్వండి. అయితే మీకు అసహ్యమైన ఆలోచనలు, దైవదూషణ లాంటివి, మీకు ఇష్టం లేకుండా రోజంతా తిరుగుతూ ఉంటే, వందసార్లు క్షమాపణ అడిగినా మనసు ఊరుకోకపోతే అది విశ్వాసం తక్కువై కాదు, డాక్టర్‌కి చూపించుకోవాల్సిన విషయం అయ్యుండొచ్చు. దీన్ని సిగ్గుగా అనుకోవద్దు ప్లీజ్.

సమస్య: ఆలోచించకూడదు అనుకునే కొద్దీ అదే వస్తుంది

కారణం: ఖాళీ. మత్తయి 12లో ప్రభువు చెప్పిన ఇల్లు గుర్తుందా, ఊడ్చి అలంకరించి ఉంది, కానీ ఖాళీగా ఉంది, మనిషిని వదిలి వెళ్ళిపోయిన అపవిత్రాత్మ తనకంటే చెడ్డవాటిని ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. ఆయన ఆ మాట ఆ తరం వాళ్ళ గురించి అన్నాడు నిజమే, కానీ మన మనసు కూడా ఖాళీగా ఉంటే అంతే.

ఏం చేయాలి: తీసేసిన చోట ఇంకోటి పెట్టాలి. ఫిలిప్పీ 4:8లో పౌలు ఏవి సత్యమైనవో, ఏవి మాన్యమైనవో, ఏవి న్యాయమైనవో వాటిని ధ్యానించమంటాడు, ఆ ఉత్తరం రాసేటప్పుడు ఆయన బంధకాల్లో ఉన్నాడు, హాయిగా కూర్చుని చెప్పిన సలహా కాదు. కీర్తన 1లో దివారాత్రము ధ్యానించువాడు అన్నచోట హీబ్రూ మాట హాగా, అంటే లోగొంతుతో గొణుక్కోవడం, యెషయా 31:4లో సింహం ఎర మీద గర్జించడానికి కూడా ఇదే మాట వాడారు. కాబట్టి ధ్యానం అంటే కళ్ళు మూసుకుని ప్రశాంతంగా కూర్చోవడం అనే కాదు, పని చేసుకుంటూ ఒక్క వాక్యాన్ని పెదాల మీద నలుపుతూ ఉండటం. ఒక అలవాటుకి ఒక్క వాక్యమే తీసుకోండి, రోజుకో కొత్త వాగ్దానం స్టేటస్ పెడితే ఇది జరగదు (నా అభిప్రాయం, కోప్పడకండి).

సమస్య: సేవ చేస్తున్నాను, కూటాలకి వెళ్తున్నాను, కానీ లోపల చేదు

కారణం: లెక్కలు. లూకా 15లో తప్పిపోయిన కొడుకు కథలోని పెద్ద కొడుకు "ఇన్నేళ్ళు నిన్ను సేవించాను, నాకు ఒక మేకపిల్లని కూడా ఇవ్వలేదు" అన్నాడు చూడండి, పొలంలో పనిచేస్తూ మనసులో ఎన్నాళ్ళుగా లెక్క రాస్తున్నాడో. ప్రసంగాల్లో తరచూ వినే సామెతలు 23:7, మనిషి లోపల ఎలా ఆలోచిస్తే అలాంటివాడే అని చెప్తారు గానీ, ఆ వచనం నిజానికి ఒక పిసినారి భోజనానికి పిలిచిన సందర్భం. పైకి తిను, తాగు అంటాడు, లోపల మాత్రం లెక్కలు చూసుకుంటాడు. 1 కొరింథీ 13:5లో ప్రేమ "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అన్నచోట కూడా గ్రీకు మాట లెక్క కట్టడానికి, ఖాతాలో రాయడానికి వాడేదే.

ఏం చేయాలి: మీరు చేసిన ఒక పని ఎవరికీ చెప్పకుండా వదిలేయండి, థాంక్స్ రాకపోయినా గుర్తుచేయకండి. చిన్నదే కానీ మొదటిసారి ఒళ్ళు మండిపోతుంది, ఆ మంటే చెప్తుంది ఖాతా ఎంత పెద్దదో. తండ్రి పెద్ద కొడుకుతో "నావన్నీ నీవే" అన్నాడు కదా, నాకు ఆ మాట దగ్గరే ఎక్కువసేపు కూర్చోవాల్సి వచ్చింది.

సమస్య: నేనొక్కడినే, ఎవరూ లేరు, అంతా అయిపోయింది

ఏలీయా ప్రవక్త కూడా ఇదే అన్నాడు. 1 రాజులు 19లో "నేను ఒక్కడినే మిగిలాను" అని రెండుసార్లు ఒకే డైలాగ్. దేవుడు ఏడువేల మంది ఉన్నారని చెప్పాడు, కానీ అది చివర్లో. ముందు నిద్ర, రొట్టె, నీళ్ళు, మళ్ళీ నిద్ర, మళ్ళీ రొట్టె. కాబట్టి ముందు తిని పడుకోండి, తర్వాత ఆలోచనలు సరిచేసుకుందాం. కీర్తన 42లో లాగా "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని మీ మనసుని మీరే అడగొచ్చు, ఊరికే అది చెప్పేదే వింటూ కూర్చోకుండా. వారాలు గడిచినా తగ్గకపోతే, చనిపోవాలనిపిస్తే, ఆలస్యం చేయకుండా ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

సమస్య: అన్నీ చేశాను, పది రోజులు బాగుంది, మళ్ళీ పాత మనిషినే

కారణం: ఒక్కసారి మారిపోతే అయిపోతుంది అనుకోవడం. రోమా 12:2లో "రూపాంతరము పొందుడి" అనే మాట గ్రీకులో జరుగుతూ ఉండే పనిని చెప్పే రూపంలో ఉంది, పైగా మనం చేసుకునేది కాదు, మనకి జరిగేది. మన పని ఆ మనసుని ఆయన చేతిలో పెడుతూ ఉండటం.

పేతురునే చూడండి. మనుషుల భయంతో ప్రభువుని మూడుసార్లు తెలీదన్నాడు, తర్వాత పెంతెకొస్తు రోజు వేలమంది ముందు ధైర్యంగా నిలబడ్డాడు, అయినా ఏళ్ళ తర్వాత అంతియొకయలో మళ్ళీ మనుషులకి భయపడి అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, భోజనం మానేశాడు (గలతీ 2). అదే పాత భయం. అప్పుడు పౌలు ఎదురుగా నిలబడి మొహం మీదే చెప్పాడు.

ఏం చేయాలి: అలా మొహం మీద చెప్పే ఒక్క మనిషిని పెట్టుకోండి, పాస్టర్ గారే అవ్వాలని లేదు, నోరు జాగ్రత్తగా ఉండే ఒక అన్నో అక్కో చాలు. వారానికోసారి మిమ్మల్ని ఒకటే అడగమనండి, "ఈ వారం ఖాళీగా ఉన్నప్పుడల్లా నీ మనసులో ఏం తిరిగింది?"