సభలో ఆడవాళ్ళ లెక్క తీయడం ఎలా: తలకాయలు కాదు, కుర్చీలు లెక్కపెట్టండి

రెండేళ్ళ కిందట మా అపార్ట్‌మెంట్ తెలుగు అసోసియేషన్ (చెన్నైలోనే, వేళచ్చేరి వైపు, పేరొద్దులెండి) ఏడాది ప్రోగ్రాముల లిస్టు వాట్సాప్‌లో పెట్టింది. త్యాగరాజ ఆరాధన, ఉగాది, శ్రీరామనవమి, దసరా అన్నీ కలిపి. నేను ఊరుకోకుండా గ్రూప్‌లోనే అడిగేశా, ఇందులో ఆడవాళ్ళకి ఛాన్స్ తక్కువిస్తున్నారు కదా అని. సెక్రటరీ బాబాయిగారు, మంచాయనే, ఒక నవ్వు బొమ్మ పెట్టి "లెక్కపెట్టి చెప్పమ్మా" అన్నారు. పెట్టా. సగానికి పైన ఆడవాళ్ళే తేలారు. ఇంక చూస్కోండి గ్రూప్‌లో చప్పట్ల బొమ్మలు, మా ఆయన కూడా ఒకటి కొట్టాడు.

నెలయ్యాక కోపం తగ్గి అదే లిస్టు మళ్ళీ తీస్తే అప్పుడర్థమైంది ఎక్కడ బోల్తా పడ్డానో. ఆ సగం పైన ఆడవాళ్ళలో కోలాటం బ్యాచ్, పిల్లల డాన్సు, ప్రార్థన పాడి దిగిపోయే ముగ్గురు, దీపం దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడే ఇద్దరు, వీళ్ళే ఎక్కువ. సాయంత్రం మెయిన్ కచేరి, దాని పక్కన మృదంగం, మైకు పట్టుకుని మాట్లాడే గెస్టు, డబ్బు కవరు అందుకునేవాళ్ళు, అక్కడికొచ్చేసరికి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఒక చెయ్యి చాలు. నేను తలకాయలు లెక్కపెట్టా, కుర్చీలు లెక్కపెట్టలేదు. అందుకే ఈసారి కుర్చీల లెక్క ఎలా తీయాలో రాస్తున్నా, మీ కాలనీ సంఘానికైనా మైలాపూర్‌లో కచేరీలు పెట్టే సంగీత సభకైనా ఇదే పద్ధతి.

ఈ లెక్కల ఐడియా నాది కాదు. 1984లో న్యూయార్క్‌లో మోడరన్ ఆర్ట్ మ్యూజియం పెద్ద ఎగ్జిబిషన్ పెట్టింది, 160 మందికి పైగా ఆర్టిస్టులు, అందులో ఆడవాళ్ళు 13 మంది. దాంతో ఒళ్ళు మండి 1985లో కొంతమంది ఆడ ఆర్టిస్టులు గొరిల్లా మాస్కులు తగిలించుకుని, సొంత పేర్లు దాచి, చనిపోయిన ఆడ ఆర్టిస్టుల పేర్లు పెట్టుకుని, గెరిల్లా గర్ల్స్ అని బయల్దేరారు. వాళ్ళు ఉపన్యాసాలిస్తూ కూర్చోలేదు, మ్యూజియానికెళ్ళి లెక్కపెట్టి ఆ అంకెలు పోస్టర్లేసి గోడలకి అంటించారు. 1989లో వేసిన పోస్టర్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం లెక్క ఉంటుంది, మోడరన్ ఆర్ట్ సెక్షన్లలో ఆడ ఆర్టిస్టులు 5 శాతం కూడా లేరు, గోడల మీద బట్టల్లేని బొమ్మల్లో మాత్రం 85 శాతం ఆడవాళ్ళవే అని. గమనించారా, వాళ్ళు ఒక అంకె వెయ్యలేదు, రెండేశారు. బొమ్మలో ఆడది ఉంది, బొమ్మ గీసే చోట లేదు. మా కోలాటం బ్యాచ్ కథ కూడా అదే కదా.

మన వైపు కథ ఇంకా పాతది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు, తను సంపాదించినదంతా పోసి, 1921లో మొదలుపెట్టి 1925 కల్లా పూర్తి చేయించారు. గుడి ఆవిడది, ఆరాధనలో పాడే హక్కు మాత్రం ఆవిడకి లేదు, ఆరాధన జరిపే మగవాళ్ళలో అప్పటికే రెండు వర్గాలుండేవి, ఆడవాళ్ళని పాడనివ్వకపోవడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. ఆవిడ ఏడుస్తూ కూర్చోకుండా 1927లో ఆడవాళ్ళనందరినీ పోగేసి విడిగా మూడో వర్గం పెట్టి పాడించేశారు. అన్నీ ఒకటయ్యేసరికి 1940 వచ్చేసింది. మా సెక్రటరీ బాబాయిగారు ఏటా ఆరాధనకి తిరువయ్యారు వెళ్తారు, ఆవిడ విగ్రహానికి దణ్ణం కూడా పెడతారు.

సరే పనిలోకొద్దాం.

ముందు ఒక్క సభ, ఒక్క ఏడాది, అంతే. ఊరంతా తీస్తానని మొదలుపెడితే మధ్యలో వదిలేస్తారు, నేనూ ఒక డిసెంబర్‌లో అలాగే మొదలుపెట్టి నాలుగో రోజుకి క్యాంటీన్‌లో దోసె తింటూ ఉండిపోయా. పాంప్లెట్లు పోగేయండి, డిసెంబర్ కచేరీల సీజన్‌లో అయితే ప్రతి సభ గేటు దగ్గరా దొరుకుతాయి, కాలనీ సంఘమైతే ఫ్లెక్సీ ఫోటో, వాట్సాప్ ఇన్విటేషన్ చాలు. కానీ పాంప్లెట్‌ని పూర్తిగా నమ్మకండి, చివరి నిమిషంలో మృదంగం మనిషి మారతాడు, కాబట్టి వీలైతే వెళ్ళి చూసి టిక్ పెట్టుకోండి.

షీట్‌లో ఒక కచేరికి ఒక లైన్ వేస్తే మళ్ళీ నా తప్పే చేస్తారు. స్టేజి మీద ఒక్కో మనిషికి ఒక్కో లైన్ వేయండి. పాట ఒక లైన్, వయొలిన్ ఒకటి, మృదంగం ఒకటి, ఘటం ఉంటే అదొకటి, గెస్టు ఒకటి, మైకులో పరిచయం చేసేవాళ్ళు ఒకటి. పక్కన కాలమ్స్: ఏ టైము, ఎన్ని నిమిషాలు, టికెట్టా ఫ్రీయా, ఆడా మగా, డబ్బు ఇచ్చారా లేదా. గ్రూప్ ఐటమ్ అయితే ఎంతమంది ఉన్నా ఒక్క లైనే, ఇది రూలు, లేకపోతే పాతిక మంది కోలాటం మీ లెక్కని మింగేస్తుంది.

టైము కాలమ్ చిన్నదిగా కనపడుతుంది కానీ అసలు కథంతా అందులోనే ఉంటుంది. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకి టికెట్ ఉండదు, ఎండన పడి వచ్చే జనమూ తక్కువ, సాయంత్రం స్లాట్‌కే టికెట్టు, పేపర్లో రివ్యూ, పేరు. ఇంకోటుంది, గంటన్నర స్లాట్ ఇచ్చి రాగం తానం పల్లవి (కచేరిలో పొడుగ్గా సాగే, విద్వత్తంతా చూపించే భాగం) పాడమంటే ఎక్కడ పాడతారు? పల్లవి మగవాళ్ళ సొత్తు అనుకునే రోజుల్లో డి.కె. పట్టమ్మాళ్ గారు స్టేజెక్కి పాడి పల్లవి పట్టమ్మాళ్ అనిపించుకున్నారు, ఇప్పుడు వద్దనేవాళ్ళెవరూ లేరు, కాకపోతే టైమివ్వరు. అందుకే నిమిషాలు కూడా రాయమంటున్నా.

ఇక పక్కవాద్యాలు, నాకు బాగా తగిలేది ఇక్కడే, ఎందుకంటే మా అక్క కూతురు మృదంగం నేర్చుకుంటోంది. దానికి పన్నెండేళ్ళప్పుడు ఒక మాస్టారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన దాని చేతులు తిప్పి చూసి "ఆడపిల్లకి ఇదెందుకమ్మా, వీణ నేర్పించండి, చక్కగా కూర్చుంటుంది" అన్నారు. ఇంకో మాస్టారు చేర్చుకున్నారు. ఇప్పుడు అది కచేరికి అరగంట ముందే వచ్చి రవ్వ తడిపి ముద్ద చేసి ఎడమ వైపు అద్ది, రాయీ చెక్కపుల్లా పెట్టి టకటకా కొట్టుకుంటూ శ్రుతి చేసుకుంటుంటే జనం వచ్చి "మృదంగం ఆయన ఇంకా రాలేదా అమ్మా" అని దాన్నే అడుగుతారు. అది చెక్కపుల్ల చేతిలో పట్టుకుని నేనేనండీ అంటుంది.

కాబట్టి పక్కవాద్యం లెక్కలో వయొలిన్‌నీ మృదంగాన్నీ కలిపేయకండి. వయొలిన్‌లో ఆడవాళ్ళు బాగానే కనపడతారు, మృదంగంలో వెతుక్కోవాలి, రెండూ కలిపి సగటు తీస్తే అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. ఇంకా లోపలికెళ్ళాలంటే ఎవరు ఎవరికి వాయిస్తున్నారో చూడండి. మగ గాయకుడికి ఆడ మృదంగం ఉందా అనేది ఒక్క లైన్ లెక్కే కానీ గట్టి లెక్క. పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటి మృదంగ విద్వాంసుడు చాలా ఏళ్ళు ఆడవాళ్ళ కచేరీలకి వాయించనే లేదు, తర్వాత పట్టమ్మాళ్ గారికి వాయించారు. శ్రుతి సాకు కూడా వస్తుంది, ఆడవాళ్ళది హెచ్చు శ్రుతి, మగవాళ్ళది తగ్గు శ్రుతి, ఆ అమ్మాయికి తగ్గు శ్రుతి మృదంగం లేదేమో అంటారు. అది పూర్తిగా అబద్ధం కాదు, నిజంగానే వేరే మృదంగం కావాలి, కానీ మగ విద్వాంసులు రెండు మృదంగాలు కొనుక్కున్నట్టే అమ్మాయిలూ కొనుక్కుంటారు. అడిగి చూడండి ముందు.

మైకు పరిచయాలు మాట మాట రాసుకోండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటే ఇంకా మంచిది. ఈ కాలమ్ నేను ఊరికే సరదాకి పెట్టా, చివరికి కమిటీ మీద బాగా పనిచేసింది ఇదే. మగాయనకి గురువు పేరు, ఎన్నేళ్ళ నుంచి పాడుతున్నారు, ఏ ఊళ్ళల్లో పాడారు. ఆవిడకి ఫలానా వారి సతీమణి, ఇద్దరు పిల్లల తల్లి, ఉద్యోగం చేసుకుంటూ ఇల్లు చక్కబెట్టుకుంటూ సంగీతాన్ని కూడా. ఆ "కూడా" నేను ఎర్రరంగులో పెట్టా. ఆవిడ గురువు పేరు ఎవరూ చెప్పలేదు, చివర్లో ఆవిడే మైకు తీసుకుని చెప్పుకుంది.

డబ్బు గురించి గ్రూప్‌లో అస్సలు అడగకండి. ఆర్టిస్టుల్ని విడివిడిగా, ఫోన్‌లో, వాళ్ళ పేరు బయటపెట్టమని మాటిచ్చి అడగండి. అంకె చెప్పకపోతే కవరిచ్చారా లేదా అన్నదొక్కటే రాసుకోండి. మా దగ్గర తేలిందేంటంటే బయట నుంచి వచ్చిన మగాయనకి కవరు, మన కాలనీ ఆవిడకి రవిక గుడ్డ, రెండు అరటిపళ్ళు, తమలపాకులు, ఒక మెమెంటో. మన ఆవిడే కదా అంటారు. తాంబూలం వద్దని కాదు, తాంబూలంతో పాటు కవరు పెట్టండి, ఆటోకైనా డబ్బులవ్వాలి కదా, మృదంగం పెట్టుకుని బస్సెక్కలేరు.

పనిలో పనిగా గ్రీన్‌రూమ్‌కి గడియ ఉందా, బాత్రూమ్ ఎక్కడ, రాత్రి కచేరి అయ్యాక ఇంటికెలా వెళ్తున్నారు, ఇవి కూడా రాసుకోండి. వేధింపుల మాట వస్తే అది మీ షీట్‌లో పెట్టే విషయం కాదు, ఆ అమ్మాయి ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పకూడదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, ఆ పైన పనిచేసే సంస్థలో లోపలే కమిటీ ఉండాలి, అంతకంటే చిన్నదైతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్ళొచ్చు, జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, సరైన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. ఆ అమ్మాయికి ఇది చెప్పండి, ఫిర్యాదు రాయడానికి తోడు కూర్చోండి.

లెక్కయ్యాక కమిటీకి ఇచ్చేది ఒక్క పేజీ. గ్రూప్‌లో పెట్టొద్దు, ఫంక్షన్ రోజు అసలే వద్దు, వచ్చే ఏడాది లిస్టు ఖరారవ్వకముందే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, వాళ్ళలో ఒక మగాయన ఉంటే ఇంకా సులువు (ఇది రాయడానికి నాకే చిరాగ్గా ఉంది కానీ పనవ్వాలి కదా). మూడు అంకెలు చాలు, సాయంత్రం స్లాట్లు, మృదంగం, కవర్లు. ఎవరినీ తిట్టొద్దు, ఏ ఆర్టిస్టు పేరూ ఎత్తొద్దు. "మేమెప్పుడూ తేడా చూపించలేదు" అనే మాట తప్పకుండా వస్తుంది, దానికి వాదన పెట్టుకోకుండా ఇంకో పెద్ద ఉదాహరణ చెప్పండి, నేనదే చెప్పా: చెన్నై మ్యూజిక్ అకాడమీ కర్ణాటక సంగీత విద్వాంసులకిచ్చే పెద్ద బిరుదు సంగీత కళానిధి ఆడవాళ్ళకి మొదటిసారి వచ్చింది 1968లో, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారికి. వయొలిన్ వాయించే ఆడవాళ్ళకి రావడానికి ఇంకో 48 ఏళ్ళు పట్టింది, 2016లో, మన విజయనగరం ఎ. కన్యాకుమారి గారికి. ఆ మధ్యలో కూర్చున్న కమిటీల్లో కూడా మేం తేడా చూపిస్తున్నాం అనుకున్నవాళ్ళు ఎవరూ ఉండుండరు. బాబాయిగారు కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

తర్వాత అడిగేది ఒక్కటే అడగండి. మేం అడిగింది వచ్చే ఏడాది సాయంత్రం కచేరీల్లో సగం, అంతే. మృదంగం సంగతి వాళ్ళంతట వాళ్ళే ఎత్తారు, "ఇద్దామనే ఉందమ్మా, మృదంగానికి ఆడవాళ్ళు దొరకరు కదా" అని. ఈ మాట కోసం ముందే రెడీగా ఉండండి. దండమూడి సుమతి గారికి మృదంగానికే 2021లో పద్మశ్రీ వచ్చింది, బెంగుళూరులో సుకన్యా రామ్‌గోపాల్ గారు ఎన్నో ఏళ్ళుగా ఘటం వాయిస్తున్నారు, అని చెప్తే వింటారు గానీ వాళ్ళు పెద్ద విద్వాంసులు, మన బడ్జెట్‌కి వస్తారా అంటారు. కాబట్టి ఊళ్ళోనే ఉన్న అమ్మాయిల లిస్టు ఒకటి చేసి పెట్టుకోండి, సంగీతం కాలేజీల్లో, మాస్టార్ల దగ్గర అడిగితే దొరుకుతారు. పేరు, ఏ వాద్యం, ఏ శ్రుతి మృదంగాలున్నాయి, ఏ రోజులు ఖాళీ, కనీసం ఎంతివ్వాలి, ఇవన్నీ ఉండాలి. నంబర్ మాత్రం వాళ్ళనడిగాకే ఇవ్వండి. మా లిస్టులో ఇప్పుడు ఏడుగురున్నారు, మొన్న శ్రీరామనవమికి పది రోజుల ముందు రాత్రి తొమ్మిదింటికి బాబాయిగారు ఫోన్ చేసి "అమ్మా, తగ్గు శ్రుతి మృదంగం ఉన్న అమ్మాయి ఎవరైనా ఉందా నీ దగ్గర, మనాయన చెయ్యిచ్చాడు" అన్నారు. ఉన్నారు బాబాయిగారూ, ఇద్దరున్నారు, కవరెంతో చెప్పండి కనుక్కుంటా అన్నా.