దసరా పనులు మొదలయ్యే ముందు: టిన్నర్ వాసనతో జాగ్రత్త

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు మన పెయింటర్లకి, పాలిష్ మేస్త్రిలకి దసరా ముందు నుంచి దీపావళి దాకా ఊపిరి సలపని పని. బయట వాన, లోపల తలుపులకి పాలిష్. తడి పాలిష్ మీద దుమ్ము పడుతుందని కిటికీలు మూసేస్తాం. ముప్పు అక్కడే ఉంది.

పాలిష్‌ని పలచన చేసే టిన్నర్‌లోని టోలీన్, జైలీన్ లాంటి రసాయనాలు ఆవిరై, ఊపిరితో రక్తంలోకి, అక్కణ్ణుంచి మెదడుకి చేరతాయి. తలనొప్పి, మత్తు రాత్రికి తగ్గిపోతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఏళ్ల తరబడి పీలిస్తే మాత్రం మతిమరుపు, చిరాకు పట్టుకుంటాయి, పని మీద ధ్యాస నిలవదు. డెన్మార్క్, స్వీడన్‌లలో 1970ల్లోనే పెయింటర్లలో దీన్ని గుర్తించారు.

మా చిన్నాన్న ముప్పై ఏళ్లు పాలిష్ పని చేశాడు. టేపుతో తలుపు కొలిచి, చెవి మీది పెన్సిల్ తీసేలోపు అంకె మర్చిపోయేవాడు. మళ్లీ కొలిచేవాడు. వయసు అనుకున్నాం. పిన్ని ఒక్కతే కనిపెట్టింది: పని లేని వారం మనిషి తేటగా ఉంటాడు, పనికి వెళ్లిన సాయంత్రం పిల్లల మీద విరుచుకుపడతాడు. ఈ తేడా పనిచేసేవాడికి తెలియదు, ఇంట్లోవాళ్లే చూడాలి.

ముఖానికి కట్టిన తువ్వాలు ఆవిరిని ఆపదు, దుమ్ము మాస్కూ ఆపదు. ఆవిరిని పట్టుకునే కార్బన్ (బొగ్గు) కార్ట్రిడ్జ్ బిగించిన మాస్క్ కావాలి. కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది, వాసన రావట్లేదని ధీమా పడకండి. ఈ ఆవిరి గాలి కన్నా బరువు, కిందికి దిగుతుంది. నేల మీద కూర్చుని మంచం కోళ్లకి పాలిష్ కొట్టేవాడికే ఎక్కువ తగులుతుంది. అందుకే ఎదురెదురు కిటికీలు తెరవండి, డబ్బా మూత పెట్టండి. రాత్రి ఆ గదిలోనే పడుకోవడం అసలు వద్దు. దూరం ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది అలాగే పడుకుంటున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

చేతులు టిన్నర్‌తో కడగకండి, చర్మం లోంచి కూడా ఒంట్లోకి వెళుతుంది. కొంచెం నూనె రాసి తుడిచి, సబ్బుతో కడిగితే చాలు. పని దిగాక మద్యం తాగితే ఒంట్లో ఉన్న టోలీన్ బయటికి పోవడం ఆలస్యమవుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళితే ఏం పని చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో మీరే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు. తొందరగా పట్టుకుని ఆ ఆవిరికి దూరమైతే చాలావరకు తేరుకోవచ్చు.

చిన్నాన్న ఇప్పుడు నీళ్లతో కలిపే రంగులే వేస్తున్నాడు. కొలత మాత్రం టేపు ఇంకా చుట్టకముందే చెక్క మీద రాసుకుంటాడు.