ఐర్లండ్ రైళ్ల నమూనాలు – 3వ పాఠం: పది అడుగుల రెండు అంగుళాలు

మొదటి పాఠంలో మనం ఒక కాలాన్ని ఎంచుకున్నాం: 1964 వేసవి, డబ్లిన్ నుంచి బయలుదేరే సీఐఈ (ఐర్లండ్ రవాణా సంస్థ) ప్రయాణికుల రైలు. రెండవ పాఠంలో దానికి ఇంజన్‌ను సిద్ధం చేశాం. 1962లో అమెరికా నుంచి ఐర్లండ్ చేరిన 37 జనరల్ మోటార్స్ డీజిల్ ఇంజన్లలో ఒకటి, 141 క్లాస్. మర్ఫీ మోడల్స్ వారి నమూనా దొరుకుతుంది కాబట్టి అక్కడ మన పని నంబరు, రంగు, మురికి వరకే పరిమితమైంది. ఈ పాఠంలో కొనుక్కొచ్చిన వస్తువు ఏదీ లేదు. తెల్ల ప్లాస్టిక్ షీటు ముందు పెట్టుకుని పార్క్ రాయల్ అనే రకం ప్రయాణికుల పెట్టెను మొదటి నుంచి కట్టబోతున్నాం.

ముందుగా ఒక మాట సరిచూసుకుందాం. మన పత్రికల్లో బోగీ అంటే ప్రయాణికులు కూర్చునే పెట్టె. రైల్వే పనివారి భాషలో బోగీ అంటే పెట్టె కింద తిరిగే చక్రాల చట్రం మాత్రమే. ఈ పాఠాల్లో రెండో అర్థమే తీసుకుంటాను. పైనున్నది పెట్టె, కిందున్నది బోగీ. ఈ తేడా మరిచిపోతే కొలతలన్నీ తారుమారవుతాయి.

ఎందుకు ఈ పెట్టె

పార్క్ రాయల్ లండన్‌లో బస్సులు కట్టిన సంస్థ. 1950ల మధ్యలో, ఆలివర్ బులీడ్ సీఐఈ ముఖ్య ఇంజినీరుగా ఉన్న రోజుల్లో, దాని పేరుతో ఈ పెట్టెలు ఐర్లండ్ పట్టాలెక్కాయి. పొడవు 61 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 10 అడుగుల 2 అంగుళాలు. ఆ వెడల్పును మళ్లీ ఒకసారి చదవండి. బ్రిటిష్ రైల్వే మార్క్ 1 పెట్టె శరీరం వెడల్పు 9 అడుగులే, పొడవు మాత్రం 64 అడుగుల 6 అంగుళాలు. అంటే ఐర్లండ్ పెట్టె పొట్టిగా ఉంటుంది, బలిష్ఠంగా ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే భుజాలు విశాలమైన మనిషిలా కనిపిస్తుంది.

నేను మొదట చేసిన పెట్టె నిజానికి బజారులో కొన్న బ్రిటిష్ మార్క్ 1. దానికి నలుపు, నారింజ రంగులు వేసి, ఐర్లండ్ నంబరు అంటించి, ఎంతో సంతోషంగా ఇంజన్ వెనుక తగిలించాను. రంగు బాగా కుదిరింది. కానీ ఇంజన్ పక్కన ఆ పెట్టె ఎప్పుడు చూసినా ఎక్కడో పొరపాటు ఉన్నట్టే అనిపించేది. కారణం తెలియడానికి చాలా కాలం పట్టింది. అడుగుకు 4 మిల్లీమీటర్ల స్కేలులో అది 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉంది, ఉండవలసింది 40.7. పొడవు 258 ఉంది, ఉండవలసింది 246. రంగు ఎంత శ్రద్ధగా వేసినా ఆకారంలోని తప్పును కప్పిపుచ్చలేదు. తలుపు పిడులు, మేకుల తలలు చెక్కడానికి రోజులు వెచ్చించేవారికి నేను చెప్పేది ఒకటే: ముందు వెడల్పు, పైకప్పు వంపు, కిటికీల వరుస, ఈ మూడూ సరిచేయండి. మిగతావి తర్వాత.

లెక్క

మన స్కేలులో ఒక అడుగుకు 4 మిల్లీమీటర్లు, ఒక అంగుళానికి మిల్లీమీటరులో మూడో వంతు. కాగితం మీద ఈ లెక్క మీరే చేయండి, నా అంకెలు నమ్మి వదిలేయకండి. 61 అడుగుల 6 అంగుళాలు అంటే 246. 10 అడుగుల 2 అంగుళాలు అంటే 40.67. పక్క గోడ మందం ఒక మిల్లీమీటరు అనుకుంటే, రెండు గోడలకు 2 తీసేయాలి, మిగిలేది 38.67. లోపలి అడ్డుపలకలను 38.6కు కోయండి. ఈ తీసివేత మరిచి పలకలను 40.67కే కోసేసేవారు ఉన్నారు. అప్పుడు పెట్టె స్కేలు ప్రకారం ఆరు అంగుళాలు లావవుతుంది.

వెడల్పు పైనుంచి కిందికి ఒకేలా ఉండదని గుర్తుంచుకోండి. 10 అడుగుల 2 అంగుళాలు అన్నది అన్నిటికంటే వెడల్పైన చోటి కొలత. ఆ వంపు ఎంత అన్నది పెట్టె చివరి భాగాన్ని ఎదురుగా తీసిన ఫోటో నుంచి రాబట్టాలి. అలాంటి ఫోటోలో కొలబద్ద మీకు ఉచితంగా దొరుకుతుంది: రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం ఎప్పుడూ 5 అడుగుల 3 అంగుళాలే. అయితే పెట్టె చివర సరిగ్గా ఏ చోట ఉందో ఆ చోటి పట్టాల మధ్యే కొలవండి. కెమెరాకు దగ్గరగా ఉన్న పట్టాలు వెడల్పుగా కనిపిస్తాయి, వాటితో కొలిస్తే పెట్టె సన్నబడుతుంది. పక్క నుంచి తీసిన ఫోటోకు మాత్రం మొత్తం పొడవునే కొలబద్దగా వాడుకోండి.

కోత

కావలసినవి: అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు మందాల స్టైరిన్ (తెల్ల ప్లాస్టిక్) షీట్లు, కొత్త బ్లేడు వేసిన కట్టర్, స్టీలు స్కేలు, మూలమట్టం, సన్నని గరుకు కాగితం, ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పల్చని ద్రావకం, చిన్న కుంచె. గది కిటికీ తెరిచే పని చేయండి. ఆ ద్రావకం ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఒక్కో పక్క గోడను అర మిల్లీమీటరు షీట్లతో రెండు పొరలుగా చేస్తాం. బయటి పొర మీద పెన్సిలుతో ముందు ఒక ఆధారరేఖ గీయండి, కిటికీల కింది అంచు దానిమీదే రావాలి. కిటికీ కొలతలన్నీ ఆ రేఖ నుంచీ, పెట్టె మధ్య గీత నుంచీ మాత్రమే తీసుకోండి. ఒక కిటికీ నుంచి పక్క కిటికీకి కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలు కూడి చివరి కిటికీ దగ్గర మిల్లీమీటరు పైగా తప్పు వస్తుంది.

కిటికీ మూలలు ఫోటోలో గుండ్రంగా ఉంటే, ముందు నాలుగు మూలల్లో సరైన సైజు రంధ్రాలు వేయండి, ఆ తర్వాత రంధ్రాల మధ్య కోయండి. ఒకే ఒత్తిడితో తెగగొట్టాలని చూడవద్దు. తేలికగా ఐదారుసార్లు కట్టర్ నడపండి. పొడవైన తిన్నని కోతలకు సగం లోతు గీసి విరిస్తే అంచు శుభ్రంగా వస్తుంది.

లోపలి పొరలో కిటికీలను అన్ని వైపులా ఒక మిల్లీమీటరు పెద్దవిగా కోయండి. అద్దం కోసం వాడే పారదర్శక షీటు ఆ గాడిలో కూర్చుంటుంది, బయటి నుంచి చూస్తే అద్దం గోడకు దగ్గరగా కనిపిస్తుంది. అద్దం లోపలికి ఎంత దిగిపోతే నమూనా అంత బొమ్మలా కనిపిస్తుంది.

గోడ కింది భాగానికి వంపు ఇవ్వడానికి రెండు పొరలనూ వేడినీటిలో ముంచి, ఒక ప్లాస్టిక్ గొట్టానికి గుడ్డ పట్టీతో కట్టి చల్లారనివ్వండి. వంగి ఉన్న స్థితిలోనే రెంటినీ అతికిస్తే, అతుకు ఆ వంపును పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. రెండు పొరల మధ్య చిక్కుకున్న ద్రావకం బయటికి పోయే దారి లేక రోజుల తరబడి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తూనే ఉంటుంది. నా మొదటి గోడ వారం తిరిగేసరికి అరటికాయలా వంగిపోయింది. అప్పటి నుంచి లోపలి పొరలో ప్రతి రెండు సెంటీమీటర్లకు ఒక సన్నని రంధ్రం వేస్తున్నాను. ఆ తర్వాత ఒక్క గోడ కూడా వంగలేదు.

అతికించిన గోడలను చదునైన గాజు పలక మీద బరువు పెట్టి రెండు రోజులు ఆరనివ్వండి. తర్వాత ఐదు అడ్డుపలకలు: రెండు చివరలకు, మూడు లోపల. అన్నింటినీ ఒకే అచ్చు నుంచి కోసి, కట్టగా పట్టుకుని ఒకేసారి గరుకు కాగితంతో రుద్దండి. పైకప్పు వంపు వీటి మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇక్కడ తొందర వద్దు. పైకప్పుకు అర మిల్లీమీటరు షీటును ఇలాగే వేడినీటితో వంచితే సరిపోతుంది.

పట్టాల సమస్య

ఐర్లండ్‌లో మొదట్లో ఒక్కో రైలు కంపెనీ ఒక్కో వెడల్పు ఎంచుకుంది. 1834లో మొదలైన డబ్లిన్–కింగ్స్‌టౌన్ మార్గం 4 అడుగుల 8½ అంగుళాలు, అల్స్టర్ రైల్వే 6 అడుగుల 2 అంగుళాలు, డబ్లిన్–డ్రొగెడా 5 అడుగుల 2 అంగుళాలు. చివరికి 1846 చట్టం 5 అడుగుల 3 అంగుళాలను ఖాయం చేసింది. మన స్కేలులో అది 21 మిల్లీమీటర్లు. బజారులో దొరికే పట్టాలు 16.5. తేడా 4.5 మిల్లీమీటర్లు, ఒక్కో వైపు 2.25.

మీరు 21 మిల్లీమీటర్ల పట్టాలను స్వయంగా వేసుకునే ఓపిక ఉన్నవారైతే నా గౌరవం మీకు. అయితే కొన్న ఇంజన్ చక్రాలను కూడా మార్చాలి, కాబట్టి మొదటి నమూనాకు 16.5తోనే ఉండమని నా సలహా. ఇరుకైన పట్టాల మీద వెడల్పైన పెట్టె బరువుగా తోస్తుందని కొందరు పెట్టెనే కాస్త సన్నగా కోస్తారు. అలా మాత్రం చేయకండి. ఒక తప్పును దాచడానికి రెండో తప్పు చేస్తే, రేపు ఎవరైనా సరైన వెడల్పుతో చేసిన పెట్టెను పక్కన తగిలించినప్పుడు రెండూ బయటపడతాయి.

దీనికి మరో దారి ఉంది. కంటికి నిజంగా కనిపించేది చక్రం కాదు, చక్రం ముందున్న బోగీ పక్కచట్రం. బ్రిటిష్ పట్టాల వెడల్పు ఇదే స్కేలులో 18.83, ఐర్లండ్‌ది 21. అందువల్ల బ్రిటిష్ కొలతకు చేసిన బోగీ పక్కచట్రాల వెనుక సుమారు ఒక్కో మిల్లీమీటరు షీటు అతికించి, వాటిని బయటికి జరపండి. చక్రాలు 16.5 మీదే తిరుగుతాయి, పక్కచట్రం మాత్రం ఐర్లండ్ చోట నిలబడుతుంది. పక్క నుంచి చూసేవారికి లోపం దాదాపు తెలియదు. మీ బోగీ కొలత ముందు మీరే తీసుకోండి, ఎందుకంటే తయారీదారును బట్టి అది మారుతుంది.

మన దేశపు పెట్టెల నమూనాలు కట్టేవారికీ ఇదే పనికొస్తుంది. మన బ్రాడ్ గేజ్ 5 అడుగుల 6 అంగుళాలు. 1:87 స్కేలులో అది 19.3 మిల్లీమీటర్లు కావాలి. దొరికే పట్టాలు మాత్రం అక్కడా 16.5 మిల్లీమీటర్లే.

పెట్టె లోపల నేల మీద సీసపు ముక్కలు అతికించి, ఇరుసుకు 25 గ్రాముల చొప్పున మొత్తం 100 గ్రాములకు తీసుకురండి.

రంగు

1964 అంటే రంగులు మారుతున్న కాలం. పాత ఆకుపచ్చ పెట్టె, కొత్త నలుపు–నారింజ పెట్టె ఒకే రైలులో పక్కపక్కనే వచ్చేవి. అప్పటి ఐర్లండ్ రైళ్లలో పెట్టెలన్నీ ఒకే రకం కావు, ఎత్తులూ వంపులూ కూడా కలిసేవి కావు. నాకు ఆ కాలం మీద ఇంత ఇష్టం కలగడానికి ఆ కలగలుపే కారణం. మీ రైలు అచ్చు తీసినట్టు ఒకే వరుసలో కనిపిస్తే ఎక్కడో పొరబడ్డారని గ్రహించండి.

కొత్త రంగు ఎంచుకుంటే ముందు తెలుపు వేయండి. కిటికీల పైన వచ్చే తెల్లగీత మీద సన్నని టేపు అంటించి, ఆపై నారింజ, అది బాగా ఆరాక నారింజకు టేపు కప్పి పైనా కిందా నలుపు. ముదురు రంగు మీద తెల్లగీత గీయాలని చూస్తే ఎన్ని పూతలు వేసినా బూడిద రంగే కనిపిస్తుంది. నారింజలో ఒకటి రెండు చుక్కలు తెలుపు కలపండి, చిన్న వస్తువు మీద ఏ రంగైనా అసలుకంటే ముదురుగా కనిపిస్తుంది. సీఐఈ పాత గుర్తు, అందరూ ‘ఎగిరే నత్త’ అని పిలిచేది, ఆకుపచ్చ పెట్టెకే ఉంచండి.

వచ్చే పాఠానికి

ఒక పక్క గోడను పూర్తిగా కోసి, అతికించి, రెండు రోజులు బరువు కింద ఉంచి, వారం తర్వాత స్కేలు ఆనించి తిన్నగా ఉందో లేదో చూడండి. రెండో గోడ అప్పుడే మొదలుపెట్టండి.

మన 141 ఇంజన్‌లో పెట్టెలను వెచ్చబరిచే ఆవిరి బాయిలర్ లేదు. అందుకే చలికాలపు రైలుకు ఆవిరి పుట్టించే ప్రత్యేకమైన వ్యానును తగిలించేవారు. నాలుగే చక్రాలున్న ఆ చిన్న వ్యాను ఐర్లండ్ రైలుకు ప్రత్యేకమైన రూపం ఇస్తుంది. 4వ పాఠంలో దాన్ని కడదాం.