మామిడి కొమ్మలు కొట్టేటప్పుడు పురుగుల సంగతి కూడా చూడండి

కోత అయిపోయాక జూన్, జూలైల్లో కొమ్మలు కొట్టేది వచ్చే పూత కోసమే అనుకుంటాం గానీ, తోటలో ఏ పురుగు నిలుస్తుందో ఏది పోతుందో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ముందు చెట్టు కింద నిలబడి పైకి చూడండి. ఆకాశం కనపడకపోతే పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకి మంచి చోటు దొరికినట్టే, ఎందుకంటే పూత లేని రోజుల్లో అది నీడగా, చెమ్మగా ఉండే బెరడు పగుళ్లలోనే దాక్కుంటుంది. ఆకుల్ని గూడులా అల్లుకుని తినే గూడు పురుగు కూడా గుబురు చెట్లనే ఎక్కువగా పడుతుంది. కాబట్టి చివర్లు నరుక్కుంటూ పోకుండా నడిమధ్యలో నిటారుగా లేచిన ఒకటి రెండు కొమ్మల్ని మొదలంటా తీసేయండి, తర్వాత ఎండు పుల్లలు, ఒకదానికొకటి రాసుకునేవి. ఎండ లోపలిదాకా పడితే చాలు.

దయచేసి చెట్టుని బోడి చేయకండి. అలా చేస్తే లేత చిగురంతా ఒక్కసారే వస్తుంది, చిగురు రసం పీల్చే తామర పురుగులకీ రెమ్మ తొలిచే పురుగుకీ కావాల్సింది అదే, వాటిని తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు (లేడీబర్డ్ బీటిల్స్) మాత్రం మనం నరికిన కొమ్మలతోపాటే పోయి ఉంటాయి. పెద్ద తోటైతే ఈ ఏడు సగం వరసలు, వచ్చే ఏడు మిగతావి చేసుకోండి. ఆలస్యం మాత్రం వద్దు, చిగురు ముదరకపోతే పూత రాదు.

నరికిన కొమ్మలన్నీ అదే రోజు కుప్పేసి కాల్చేస్తుంటారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. గూళ్లున్నవి, లోపల పురుగున్నవి ఏరి కాల్చండి, మిగతావి కొన్ని రోజులు చెట్ల పక్కనే వదిలేస్తే సాలీళ్లు మళ్లీ పైకెక్కుతాయి. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు కుడతాయని వాటి కొమ్మే కొట్టేయకండి, అవి గొంగళి పురుగుల్ని వేటాడతాయి. కాకపోతే తెల్లగా పిండిలా పట్టి రసం పీల్చే పిండినల్లికి కాపలా కాసేవీ అవే, అందుకే పిండినల్లి పట్టిన రెమ్మ కనిపిస్తే అది తీసేయాల్సిందే.

గొడ్డలి వద్దు, రంపం వాడండి. బెరడు చీలితే కాండం తొలిచే పురుగు గుడ్లు పెట్టడానికి అనువుగా ఉంటుంది. తెగుళ్లు రాకుండా పెద్ద కోతలకి బోర్డో పేస్టు పూయండి: 10 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి.

చిగురు వచ్చాక మందు కొట్టే ముందు ఆకులు తిప్పి చూడండి. నల్లగా, పొడుగ్గా, బుల్లి మొసలిలా కనిపించేవి అక్షింతల పురుగు పిల్లలు. వాటిని చూసి భయపడి మందు కొట్టకండి.