సురికాటా పెట్టాక అలర్టులు రాకపోతే

బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం వైపు చిన్న ఆఫీసుల్లో ఉబుంటు మీద సురికాటా (నెట్‌వర్క్‌లో చొరబాట్లను పసిగట్టి అలర్టు ఇచ్చే సాఫ్ట్‌వేర్) పెట్టే మనవాళ్ల కోసం. ఇన్‌స్టాల్ సులువే, దాన్ని తయారుచేసే ఓఐఎస్ఎఫ్ వాళ్ల స్టేబుల్ పీపీఏ (ప్యాకేజీలు దొరికే చోటు) కలిపి ఆప్ట్ కమాండ్‌తో దించుకుంటే అయిపోతుంది. తంటా అంతా ఆ తర్వాతే.

కాన్ఫిగ్ ఫైల్లో ఏఎఫ్-ప్యాకెట్ (ప్యాకెట్లు పట్టే పద్ధతి) కింద ఇంటర్‌ఫేస్ ఈటీహెచ్0 (eth0) అని ఉంటుంది. మీ నెట్‌వర్క్ కార్డు పేరు ఈఎన్‌పీ3ఎస్0 (enp3s0) లాంటిది కావచ్చు, చూసి మార్చండి. హోమ్-నెట్ (HOME_NET, మీ సొంత నెట్‌వర్క్ ఏదో చెప్పే సెట్టింగ్)లో మీ సబ్‌నెట్, అంటే మీ ఆఫీసు ఐపీ అడ్రస్‌ల శ్రేణి, ఉందో లేదో చూడండి. తర్వాత రూల్స్ (దేనికి అలర్టు ఇవ్వాలో చెప్పేవి) దించే సురికాటా-అప్‌డేట్ కమాండ్ నడపండి. అవి /var/lib/suricata/rules ఫోల్డర్లో పడతాయి. కాన్ఫిగ్‌లో డిఫాల్ట్-రూల్-పాత్ వేరే చోటు చూపిస్తే ఒక్క రూలూ లోడ్ కాదు. రీస్టార్ట్‌కు ముందు పెద్ద టీ ఆప్షన్‌తో (suricata -T) కాన్ఫిగ్ పరీక్షించండి. ఆ ఫైల్ వైఏఎంఎల్ (YAML) ఫార్మాట్ కదా, ట్యాబ్ పడితే ఒప్పుకోదు, స్పేస్‌లే వాడాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా సురికాటా పెట్టిన ఆ ఒక్క సర్వర్ ట్రాఫిక్కే కనిపిస్తోందా? తప్పు సురికాటాది కాదు. స్విచ్ మిగతావాళ్ల ప్యాకెట్లను మీ పోర్టుకు పంపదు. మేనేజ్డ్ స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ (మిగతా పోర్టుల ట్రాఫిక్ కాపీని మీ పోర్టుకు పంపడం) పెట్టాలి, ఆ ట్రాఫిక్ అందుకునే కార్డుకు ఎథ్‌టూల్ కమాండ్‌తో జీఆర్ఓ, ఎల్ఆర్ఓ (వచ్చిన ప్యాకెట్లను కలిపేసే సౌకర్యాలు) ఆపేయాలి. సురికాటా అలర్టులు రాసే ఈవ్ జేసన్ (eve.json) లాగ్ డిస్క్‌ను మింగేస్తుంది, పాత లాగ్‌లను తీసేసే లాగ్‌రొటేట్ మొదటి రోజే పెట్టుకోండి.