బండి నడుస్తుండగానే బట్టలు ఉతికేయొచ్చు
సేవా యాత్రకని వారాల తరబడి కార్లలో తిరిగేవాళ్లకు మాసిన బట్టలే పెద్ద తలనొప్పి. గట్టి మూతున్న 20 లీటర్ల పెయింట్ బకెట్ శుభ్రంగా కడిగి, మూడు చొక్కాలు, 8 లీటర్ల నీళ్లు, ఒక టీస్పూన్ సర్ఫు వేసి మూత బిగించండి. సగం బకెట్ ఖాళీగా ఉండాలి. నిండా కుక్కితే బట్టలు కదలవు, మురికి వదలదు. డిక్కీలో కదలకుండా తాడుతో కట్టండి. తిరుపతిలో బయల్దేరితే భాకరాపేట ఘాట్ మలుపులకే నీళ్లు బాగా చిలుకుతాయి. పీలేరులో రెండుసార్లు జాడిస్తే చాలు. సర్ఫు ఎక్కువైతే నురగ పోక నీళ్లన్నీ జాడించడానికే అయిపోతాయి. నున్నటి హైవే మీద మాత్రం కుదుపు చాలదు, కాలర్లు చేత్తో రుద్దాల్సిందే. రంగు దిగే లుంగీలు ఇందులో వేయకండి.